శనివారం పరీక్ష

సెప్టెంబర్ 8, 2018. శనివారం

1390! పోయిన నెల 1360. ఎనిమిదో తరగతిలో ఈ శనివారం పరీక్షలు మొదలుపెట్టినప్పుడు వెయ్యి దాటడానికే మా అమ్మాయి మేవ్‌కి చెమటలు పట్టేవి. ఇప్పుడు పదకొండులోకి వచ్చింది. కాలేజీలో చేరడానికి రాసే అసలు శాట్ పరీక్ష, పదహారు వందల మార్కులది, మార్చిలో. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అది మొక్కగా ఉన్నప్పుడే నేను పట్టుకున్నాను.

చివరి భాగం పావుగంట ముందే ముగించేసి, కిటికీలోంచి ఎదురింటి వాళ్ల కుక్కని చూస్తూ కూర్చుంది. "ఒకసారి సరిచూసుకోవే" అంటే "చూసుకున్నానమ్మా" అంది. అంత వేగం వచ్చేసింది. నేను ఎదురుగా కూర్చుని గమనిస్తున్నాను కదా, పేజీ సగం చదవకముందే పెన్సిల్ జవాబు మీదికి వెళ్లిపోతోంది. సాధన అంటే అదీ.

పాన్‌కేకులు వేశాను. మా ఆయన రే ఒక్కడే ఐదు తిన్నాడు. "లాయరమ్మగారికి కూడా మిగల్చమంటావా?" అని మేవ్ పళ్లెంలోది కూడా లాక్కున్నాడు. మేవ్ నవ్వింది. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 16, ఆదివారం

బ్రెండన్‌ని చూసొచ్చాను. గంటన్నర దారంతా వానే. వాడు చిక్కాడు. కాదంటాడు.

"మేవ్ రాలేదా?" మొదటి మాట. ప్రతిసారీ అదే మొదటి మాట.

"చదువుకుంటోందిరా."

"రెండేళ్ల నుంచీ చదువుతూనే ఉందా?"

ఉంది మరి. ఆ జైలు గుమ్మం మళ్లీ తొక్కితే అది లాయరుగానే తొక్కాలి. చెల్లెలిగా వెళ్లి, ఆ మెషిన్‌లో నాణేలు వేసి వాడికో చిప్స్ పొట్లం కొనిపెట్టి వస్తే ఒరిగేదేముంది? నేను చేస్తున్నది అదే కదా ఇన్నేళ్లుగా.

బ్రెండన్ కారులో కూర్చున్నాడు. అంతే. పెట్రోలు బంకులోకి వెళ్లింది ఆ డస్టిన్, తుపాకీ తీసింది డస్టిన్, కౌంటర్లో ఉన్నతని కాలికి గుండు తగిలింది డస్టిన్ వల్ల. మావాడు బయట కారులో ఉన్నాడు. ఇంజన్ ఆన్‌లో ఉందంటే జనవరి కాబట్టి, చలి కాబట్టి. బఫలోలో జనవరిలో ఇంజన్ ఆపి కారులో ఎవడు కూర్చుంటాడు? ఆ ఒక్క మాట చెప్పే లాయరు ఉంటే పన్నెండేళ్లు పడేవి కావు. కోర్టు వాళ్లు ఇచ్చిన లాయరు వాడితో మాట్లాడింది ఒక కాఫీ తాగేంతసేపు. నేరం ఒప్పుకుంటే తగ్గుతుందన్నాడు, వీడు ఒప్పుకున్నాడు. జడ్జి అడిగిన ప్రతిదానికీ అవునండీ, అవునండీ అన్నాడు. అనమన్నారు కాబట్టి అన్నాడు.

సెప్టెంబర్ 29, శనివారం

1400.

అక్టోబర్ 3, బుధవారం. ఆఫీసులో, భోజనం వేళ

మా యజమాని హ్యాగర్టీ గారు ఇళ్ల రిజిస్ట్రేషన్ పని మీద బయటికి వెళ్లారు. నేను ఐదో పేపరు కాపీ తీసుకున్నాను.

పరీక్ష పెట్టేవాళ్లు బయటికి వదిలిన అసలు పేపర్లు ఎనిమిదే. మిగతావి ఎవరెవరో సొంతంగా వండినవి, వాటిని నేను గుమ్మం దాటనివ్వను. నకిలీ సరుకు మీద సాధన చేస్తే నకిలీ మార్కులే వస్తాయి. ఎనిమిదీ అయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాం. ప్రతిసారీ తెల్లగా కొత్త కాపీ తీస్తాను. దాని మీద మేవ్ పాత గీత ఒక్కటి కూడా ఉండదు. కొత్త పేపరుకీ దానికీ తేడా ఏముంది?

పక్క సీటు లోరెట్టా మెషిన్ దగ్గరికి వచ్చి చూసింది. "మళ్లీ ఇదేనా? ఆ పిల్లకి ఈపాటికి కంఠతా వచ్చేసుంటుంది కొలీన్."

వాళ్లబ్బాయి మొదటి సంవత్సరమే కాలేజీ మానేసి బేస్‌మెంట్‌లో డ్రమ్స్ వాయిస్తున్నాడు. సలహాలు చెప్పేది ఎవరో చూడు.

అక్టోబర్ 14, ఆదివారం

హ్యాగర్టీ గారి పాత పుస్తకం రెండు వారాలుగా మా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. లా కాలేజీ ప్రవేశ పరీక్ష పుస్తకం. ఆయన మనవడికి అక్కర్లేదట. "ఇది చదివితే వచ్చేది కాదమ్మా, ఆలోచించే తీరు. ఎంత ముందు అలవాటైతే అంత మంచిది" అని ఇచ్చారు. ఆయన ఏదో మాటవరసకి అన్నారేమో, నేను మాత్రం ఆ రోజు రాత్రి భోజనాల దగ్గరే మొదలుపెట్టాను.

ఏడుగురు మనుషులు, ఏడు కుర్చీలు. ఫలానావాడు ఫలానావాడి పక్కన కూర్చోడు. ఫలానావిడ చివర కూర్చోవాలి. మూడో కుర్చీలో ఎవరు? నేను బంగాళదుంపలు వడ్డిస్తూ చదివాను, మేవ్ ఫోర్కుతో గాల్లో గీతలు గీసింది. కాసేపాగి, "ఎవరైనా కావచ్చు, కానీ హెన్రీ మాత్రం కాడు" అంది. వెనక పేజీలో జవాబు చూశాను. సరిపోయింది! నాకైతే ఇప్పటికీ ఆ హెన్రీ ఎందుకు కాడో బోధపడలేదు.

"ఆలూ లేదు, చూలూ లేదు, అప్పుడే కొడుక్కి పేరట" అన్నాడు రే. "దానికింకా కారు నడపడమే సరిగ్గా రాదు. లా కాలేజీ అంట."

"నీకేం తెలుసు, నువ్వు తిను."

"నాకు లెక్కలు తెలుసు. ఇది స్కూలు అవగొట్టి, నాలుగేళ్లు కాలేజీ, మూడేళ్లు లా చదివి, ఆ కోటు వేసుకునేసరికి వాడే బయటికొచ్చేస్తాడు కొలీన్. దీని పట్టా పండగకి ఫోటోలు తీసేది వాడే."

 మేవ్ ప్లేటు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లిపోయింది. రేకి అర్థం కాదు. బయటికి రావడం వేరు, మచ్చ పోవడం వేరు. మచ్చ పోగొట్టడానికి లాయరు కావాలి. ఆ మాట రేతో అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

నవంబర్ 4, ఆదివారం

బ్రెండన్ ఫోన్ చేశాడు. మళ్లీ ఆ సంగతే ఎత్తబోయాడు. "అమ్మా, ఆ రోజు సంగతి నీతో ఒకసారి తిన్నగా మాట్లాడాలి." ఫోన్లో అన్నీ వింటుంటారురా, వద్దు అన్నాను. "వింటే విననీ, వాళ్లకి తెలియంది కాదుగా" అన్నాడు. చలికోట్లు సరిపోతున్నాయా అని అడిగాను.

చలికోటు ఒకటే ఉందట.

నవంబర్ 22, గురువారం. థాంక్స్‌గివింగ్

టర్కీ కోడి కొంచెం ఎండిపోయింది. రే మాత్రం బాగుందనే అన్నాడు.

సరిగ్గా వడ్డించే వేళకి బ్రెండన్ ఫోను. నా కంటే ముందు మేవ్ అందుకుని మెట్ల మీదికి పోయి కూర్చుంది. కాసేపటికి కట్ అయిపోయే ఫోను అది, దాంట్లో మూడొంతులు అదే మాట్లాడింది. మాట్లాడింది తక్కువ, నవ్వింది ఎక్కువ. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు దొరికింది "హ్యాపీ థాంక్స్‌గివింగ్ అమ్మా" అన్న ఒక్క ముక్క.

"ఏం చెప్పాడే?"

"ఏం లేదు. బిల్స్ ఫుట్‌బాల్ టీము ఎంత చెత్తగా ఆడుతోందో చెప్తున్నాడు."

"దానికంత నవ్వా?"

"చూస్తే నీకూ నవ్వొస్తుందమ్మా. అంత చెత్తగా ఆడుతున్నారు."

తర్వాత గుమ్మడికాయ తీపి రొట్టెని ముక్కలు కోస్తుంటే పక్కన నిలబడి అడిగింది, "ఈసారి ఆదివారం నేనూ రానా?" అని. మార్చి అయ్యాక చూద్దాం అన్నాను. "మార్చి అయ్యాక జూన్ అంటావు" అంది. గట్టిగా ఏమీ అనలేదు. అది ఎప్పుడూ గట్టిగా అనదు. మంచి పిల్ల.

డిసెంబర్ 15, శనివారం

1460. పెనం మీద పాన్‌కేకు తిప్పుతూ నేను ఏదో పాట కూనిరాగం తీస్తున్నానట. రే వంటింటి గుమ్మంలో నిలబడి "ఎన్నాళ్లకి విన్నానే ఆ గొంతు" అన్నాడు. నేను గమనించనే లేదు.

డిసెంబర్ 25

బ్రెండన్ దగ్గరికి వెళ్లొచ్చాను. రాయాలని లేదు.

జనవరి 30, 2019. బుధవారం

మంచు తుఫాను. కిటికీ అవతల ఎదురిల్లు కూడా కనపడటం లేదు. రే నిన్న మధ్యాహ్నం మంచు తోసే బండి ఎక్కాడు, ఇంకా దిగలేదు. ఏ ముద్ద తిన్నాడో. స్కూళ్లన్నీ మూసేశారు.

మేవ్ పక్క మీద దుప్పట్లో చుట్టుకుని ఉంది. పేపరు తీసుకుని పైకి వెళ్లాను. దైవమిచ్చిన సెలవు, వృథా చేయడం ఎందుకు?

"అమ్మా, ఈ ఒక్కరోజూ వద్దు."

"ఇంక నెలే ఉంది."

"ఇది మూడో పేపరు."

"అయితే?"

దుప్పట్లోంచి నన్ను చాలాసేపు చూసింది. "అమ్మా, నీకొకటి చెప్పాలి."

"పరీక్ష అయ్యాక చెప్దువుగానీ" అన్నాను. గడియారం పెట్టాను.

1490. ముగించాక ఏమిటే చెప్తానన్నావు అని అడిగితే ఏమీ లేదంది. మళ్లీ పక్క ఎక్కి గోడవైపు తిరిగింది. ఒంట్లో బాగాలేదేమో. చికెన్ సూప్ కాచి పైకి పట్టుకెళ్లాను.

ఫిబ్రవరి 16, శనివారం

1500. పదిహేను వందలు!! ఈ మార్కులకి స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పిలుస్తారు.

సాయంత్రం బ్రెండన్‌కి ఫోన్లో చెప్పాను.  "అది సంతోషంగా ఉందా అమ్మా?" అన్నాడు.

ఏం ప్రశ్న అది. పదిహేను వందలు వచ్చిన పిల్ల సంతోషంగా ఉండక ఏడుస్తుందా?

మార్చి 9, శనివారం

అసలు రోజు.

పొద్దున గుడ్లు వేశాను, తినలేదు. చెక్కిన పెన్సిళ్లు, క్యాలిక్యులేటరు, అరటిపండు, నీళ్లు అన్నీ సంచిలో సర్దాను. అబ్బోట్ రోడ్డు మీద ఒక్క ట్రాఫిక్ లైటు కూడా ఎర్రగా పడలేదు. శకునం మంచిదే అనుకున్నాను. పరీక్ష పెట్టే స్కూలు గుమ్మం దగ్గర దాని బుగ్గ మీద ముద్దుపెట్టి, "అన్నయ్యని గుర్తుపెట్టుకో" అన్నాను. బలం కోసమే అన్నాను.

పార్కింగ్‌లోనే కూర్చున్నాను, ఇంటికి పోబుద్ధి కాలేదు. హీటర్ కోసం ఇంజన్ వేసే ఉంచాను.

మధ్యాహ్నం పిల్లలంతా గుంపుగా బయటికొచ్చారు. మేవ్ అందరికంటే వెనక వచ్చింది. కోటు బొత్తాలు కూడా పెట్టుకోలేదు.

"ఎలా రాశావు?"

"అన్నీ కొత్తవేనమ్మా."

"కొత్తవి కాక పాతవిస్తారా?"

ఇంటికొచ్చేదాకా కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అలిసిపోయి ఉంటుంది.

మార్చి 16, శనివారం

సెయింట్ ప్యాట్రిక్ ఊరేగింపు. వీధంతా ఆకుపచ్చ టోపీలు, తాగుబోతులు. ఎన్నేళ్లకో ఒక శనివారం పరీక్ష లేదు, మేవ్ స్నేహితులతో వెళ్లింది. ఇంట్లో ఏం చేయాలో తోచక బ్రెండన్ గది దులిపాను.

మార్చి 22, శుక్రవారం

1180.

ఉపవాస దినాలు కదా, ఆఫీసు నుంచి వస్తూ చర్చి హాల్లో చేప వేపుడు పొట్లాలు కట్టించుకుని వచ్చాను. టేబుల్ మీద అవి అలాగే చల్లారిపోయాయి.

మెషిన్ తప్పు చదివిందన్నాను మొదట. ఎక్కడో ఒక గడి తప్పి అన్నీ ఒక వరస కిందికి పెట్టి ఉంటావు, అలా చాలామందికి జరుగుతుంది, మళ్లీ దిద్దమని సోమవారం పొద్దున్నే ఫోన్ చేద్దాం అన్నాను. ఎవరితో మాట్లాడాలో, ఏమనాలో కూడా చెప్పుకుంటూ పోతున్నాను. మేవ్ కుర్చీలో కూర్చుని వింటోంది. రే కోటు కూడా విప్పకుండా నిలబడ్డాడు.

"మెషిన్ తప్పు కాదమ్మా. నాకొచ్చేది అంతే."

"పోయిన నెలే పదిహేను వందలు వచ్చింది నీకు."

"ఆ పేపర్లు నాకు నోటికొచ్చు. ఎనిమిదీ వచ్చు. తొమ్మిదో తరగతి నుంచీ వచ్చు."

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. "మరి మార్కులు మెల్లమెల్లగా పెరిగాయి కదే? నోటికొస్తే ఒక్కసారే రావాలి కదా?"

మేవ్ తలొంచుకుంది. "ఒక్కసారే పెరిగితే నువ్వు అనుమానిస్తావని కొన్ని కావాలనే తప్పు పెట్టేదాన్ని. ప్రతిసారీ తప్పులు కొంచెం తగ్గించుకుంటూ వచ్చాను."

రే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎందుకే తల్లీ?" అన్నాడు.

అది నాన్నకి చెప్పలేదు, నా వైపు చూసి చెప్పింది. "అన్నయ్య వెళ్లాక నువ్వు మంచం దిగలేదు. నాకు గుర్తుంది. నాన్న నాకు జడ వేయడం రాక రబ్బరు బ్యాండ్లతో ఊరికే చుట్టి స్కూలుకి పంపేవాడు. తర్వాత ఒకసారి నాకు మార్కులు పెరిగాయి, నువ్వు లేచి పాన్‌కేకులు వేశావు. మళ్లీ పెరిగితే మళ్లీ వేశావు. నాకు ఆపడం ఎలాగో తెలీలేదమ్మా. మంచు పడ్డ రోజు చెప్పబోయాను." చివర్లో, "ఆ కుర్చీల లెక్కలు మాత్రం నిజంగా నేనే చేశాను" అంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

మార్చి 23, శనివారం

మేవ్ గది తలుపు వేసి ఉంది.

రే గ్యారేజీలో ఏదో చెక్కకి రంగు వేస్తున్నాడు. నేను కాఫీ ఇస్తే తీసుకోలేదు.

"నిన్న దాన్నేమన్నావో గుర్తుందా?"

లేదన్నాను.

"నాకు గుర్తుంది. 'వాడు అక్కడ కుళ్లిపోతే ఆ పాపం నీదే' అన్నావు. పదహారేళ్ల పిల్లని పట్టుకుని." బ్రష్షు డబ్బా మీద పెట్టాడు. "వాడు చేసిన పనికి వాడున్నాడు అక్కడ. దీనికీ దానికీ ఏం సంబంధం కొలీన్?"

"వాడేం చేశాడు? కారులో కూర్చున్నాడు."

రే నన్ను చూసిన చూపులో కోపం లేదు. కోపమైనా బాగుండేది. "నువ్వూ నేనూ ఒకే బల్ల మీద కూర్చుని విన్నాం కోర్టులో" అన్నాడు. కాఫీ తీసుకుని, వెనక్కి తిరిగి మళ్లీ రంగు వేసుకున్నాడు.

సాయంత్రం మేవ్ కిందికొచ్చి ఫ్రిజ్‌లో నిన్నటి చేప నిలబడే తినింది. "రేపు నేనూ వస్తున్నాను" అంది. అడగలేదు, చెప్పింది.

మార్చి 24, ఆదివారం

దారిలో రేడియో పెట్టుకున్నాం. 

గేటు దగ్గర మేవ్ బూట్లు, బెల్టు తీసి బుట్టలో వేసింది. అన్నీ అడక్కుండానే చేసింది, పన్నెండేళ్ల వయసులో నేర్చుకున్నది మర్చిపోలేదు. బ్రెండన్ తలుపులోంచి వచ్చి మా టేబుల్ వైపు చూసి ముందుకి నడవలేకపోయాడు. వాడు ఎదురుచూసింది నా ఒక్కదాని కోసమే. గార్డు "నడువు" అన్నాక కదిలాడు.

"ఎవరీ పొడుగమ్మాయి?"

"నోర్ముయ్యి అన్నయ్యా" అంది. వాడి మెడ పట్టుకుని ఏడ్చేసింది. ఎంతసేపు కౌగిలించుకోవాలో అక్కడ లెక్కుంటుంది. గార్డు దగ్గరికి రాబోయి, ఎందుకో అటు తిరిగాడు.

వాడికి బర్గర్ కొనడానికి మేవే వెళ్లింది. మెషిన్‌లో అది ఇరుక్కుపోతే భుజంతో తోసింది. వచ్చి కూర్చుని, నేను నోరు తెరవకముందే వాడికి అన్నీ చెప్పేసింది. ఎనిమిది పేపర్లు, కావాలని పెట్టిన తప్పులు, 1180. బ్రెండన్ మొదట నవ్వాడు. "నాకంటే ఎక్కువే వచ్చాయి కదే" అన్నాడు. "నేను సగం పరీక్షలో నిద్రపోయాను." తర్వాత నా మొహం చూశాడు. మేవ్ కళ్లు చూశాడు.

"అమ్మ ఏమంది?"

మేవ్ చెప్పలేదు. నేనే చెప్పాను. రాయనన్న మాట వాడి ముందు నోటితో అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. దాచాలంటే దాచగలిగేదాన్నే.

బ్రెండన్ బర్గర్ పక్కకి జరిపాడు. "ఇప్పుడు వింటావా నేను చెప్పేది? ఇక్కడ ఫోన్ లేదు, కట్ అవదు."

"బ్రెండన్—"

"డస్టిన్ దగ్గర తుపాకీ ఉందని నాకు తెలుసు. ఇంట్లోంచి బయల్దేరే ముందు నాకు చూపించాడు. ఎందుకు వెళ్తున్నామో తెలుసు. పారిపోవాలి కాబట్టే ఇంజన్ ఆపలేదు. జడ్జి అడిగాడు, నీకు ముందే తెలుసా అని. తెలుసండీ అన్నాను. అది లాయరు నేర్పిన మాట కాదమ్మా. అది నేనే అన్నాను. నువ్వు రెండో వరసలో ఉన్నావు. నేను నిన్ను చూస్తూ అన్నాను."

నిజమే. నన్ను చూస్తూనే అన్నాడు. ఆ రోజు వాడి నీలం చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడిచి ఉంది, దాన్ని సరిచేయాలని నా చేతులు కొట్టుకున్నాయి. ఇన్నేళ్లూ ఆ కాలరే గుర్తుపెట్టుకున్నాను.

"అతను ఇప్పటికీ కుంటుతాడట" అన్నాడు బ్రెండన్. "బంకులో అతను. నాకు చెప్పారు. నాకు పన్నెండేళ్లు పడ్డాయి, సగం దగ్గరికి వచ్చేశాను. ఎప్పుడు బయటికొస్తానో నాకు తెలుసు, తేదీతో సహా తెలుసు. దీనికి ఎన్నేళ్లు వేశావమ్మా? దీని తేదీ ఎప్పుడు?"

వాడు పక్కకి జరిపిన బర్గర్‌ని నేను మళ్లీ వాడి ముందుకి జరిపాను.

మేవ్ "అలా అనకు అమ్మని" అంది. నా తరఫునే మాట్లాడింది, చూడు.

తర్వాత ఏముంది, వాళ్లిద్దరూ పేకాట ఆడుకున్నారు. అక్కడి ముక్కల్లో రెండు రాజులు లేవు. మేవ్ మోసం చేస్తోందని బ్రెండన్, వాడే మోసం చేస్తున్నాడని ఇది. నేను పక్కన కూర్చుని చూశాను. మధ్యలో ఒకసారి "అమ్మా, నీకూ వెయ్యనా?" అని అడిగాడు. వెయ్యమన్నాను. ఓడిపోయాను.

మార్చి 27, బుధవారం. ఆఫీసులో

బ్రెండన్‌కి తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు నుంచీ తెలుసు.

రాసి చూసుకున్నాను. ఏమీ కూలిపోలేదు. లోరెట్టా వచ్చి, ఏడుస్తున్నావా అంటే జలుబన్నాను. నమ్మలేదు. బిస్కెట్లు పెట్టి వెళ్లింది.

మార్చి 29, శుక్రవారం

హ్యాగర్టీ గారి పుస్తకం తిరిగి ఇచ్చేద్దామని సంచిలో పెడుతుంటే మేవ్ చూసింది. "అది ఉండనీ" అంది.

"లాయరు కానక్కర్లేదే నువ్వు."

"అవుతానని అన్నానా? ఆ కుర్చీల లెక్కలు బాగుంటాయి. నాకవి ఇష్టం." పుస్తకం తీసుకుని పైకి వెళ్లిపోయింది. జూన్‌లో మళ్లీ పరీక్ష రాస్తుందట, స్కూల్లో టీచరే నేర్పుతుందట. నన్నేమీ చేయొద్దంది. చేయొద్దు అంటే ఎలా ఉంటుందో నాకు ఇంకా తెలియదు.

మేవ్‌ని క్షమించమని ఇంకా అడగలేదు. రెండుసార్లు తలుపు దాకా వెళ్లాను.

మార్చి 30, శనివారం

అలవాటుగా ఆరింటికే మెలకువ వచ్చింది. గడియారం టేబుల్ మీద పెట్టలేదు. లేపలేదు. రే పనికి వెళ్లాడు. వంటింట్లో కూర్చుని వీధిలో మంచు కరిగిపోవడం చూశాను, పేవ్‌మెంట్ల పక్కన మంచు నల్లగా అయిపోయింది.

పదకొండు దాటాక మేవ్ కిందికి దిగింది. జుట్టంతా చెదిరి, నిద్ర కళ్లతో గుమ్మంలో నిలబడి ఖాళీ టేబుల్ చూసింది. నేను అప్పుడే చెప్పాలనుకున్నాను. "ఆ రోజు నేనన్న మాట—" అన్నాను, అక్కడిదాకే వచ్చింది. మేవ్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది, ఎప్పుడూ పరీక్ష రాసే కుర్చీలో కాదు, పక్కదాంట్లో. నేను మొత్తం చెప్పేదాకా కూర్చుంది. నేను మొత్తం చెప్పాను.

మేవ్ ముఖం తుడుచుకుని, "మరి ఇవాళ ఏం చేద్దాం?" అంది.

నాకు తెలియదన్నాను. తనకీ తెలియదంది.